పండుగకు మనసారా ఖర్చు పెట్టాలంటే: విశాఖలో 20 వేలకు నా లెక్క

మీరు అడిగింది క్లుప్తంగా ఇది. రుషికొండలో ఉద్యోగం, సీతమ్మధారలో ఇల్లు. మీరిద్దరు, అమ్మానాన్నలు, బడికి వెళ్లే పాప. ఏడాదంతా లెక్క చూసుకుని బతికే ఇల్లు. దసరాకు చేతికి వచ్చిన బోనస్‌లో 20,000 రూపాయలు పక్కన పెట్టారు. సంక్రాంతి లోపల ఆ డబ్బు ఎవరికో కానుకలకు కాకుండా, మీ ఇంటిల్లిపాదీ ఇష్టంగా తినడానికి, అనుభవించడానికి ఖర్చు కావాలి. నాన్నగారికి షుగర్ ఉంది. ఖరీదైనవి ఎన్నో ఉన్నాయి, వాటిలో ఆ ఖరీదుకు తగినవి ఏవి?

సారె మిఠాయిలు చేయించి పంపడం నా వృత్తి. ఆడపిల్ల అత్తవారింటికి వెళ్లేటప్పుడు వెంట వెళ్లే లడ్డూలు, కాజాలు, మైసూరుపాకులు, సున్నుండలు, చలిమిడి, అన్నీ. నెయ్యి డబ్బాల నుంచి అట్టపెట్టెల దాకా బిల్లులు నా చేతి మీదుగానే వెళ్తాయి కనుక మొహమాటం లేకుండా చెబుతాను. పండుగ రోజుల్లో మిఠాయి ఖరీదు పెరగడానికి రెండు దారులు. ఒకటి లోపలి సరుకు, రెండోది పెట్టె. వెల్వెట్ గుడ్డ అతికించిన పెట్టె, అయస్కాంతం మూత, లోపల అరలు, ఒక్కో అరలో గుప్పెడు బాదం. వీటికి మీ డబ్బు పెట్టకండి. అవి ఇతరుల చేతిలో పెట్టి నమస్కారం చేయడానికి తయారైన వస్తువులు. మీ ఇంట్లో మీరే తెరుచుకుంటే మిగిలేది ఆ పెట్టెను ఎక్కడ దాచాలన్న సమస్యే.

ఇక చాలామందికి తట్టని మాట ఒకటి. ఈ డబ్బంతా దసరాకే తీసేయకండి. నాలుగింట మూడు వంతులు సంక్రాంతికి దాచండి.

కారణం మన ఊరి గాలి. దసరా, దీపావళి రోజుల్లో సముద్రపు తేమ ఇంకా వదలదు. తుఫాన్లు వచ్చే కాలమూ అదే. 2014లో హుద్‌హుద్ ఊరి మీద పడింది అక్టోబరు 12న, దీపావళి సరుకు సర్దుకుంటున్న రోజుల్లో. ఆ తేమకు కాజా పైన పాకం చెమరుస్తుంది, పూతరేకు సాగుతుంది, జంతికలు డబ్బా మూత తీసిన పూటకే మెత్తబడతాయి. ధనుర్మాసం వచ్చేసరికి గాలి ఆరుతుంది. కొత్త బియ్యం వస్తాయి, అనకాపల్లి మార్కెట్టుకు కొత్త బెల్లం దిగుతుంది. పిండివంటకు సరుకూ గాలీ రెండూ కలిసివచ్చేది అప్పుడే. దసరాకు ఒక అరకిలో మంచి మిఠాయి, దీపావళికి ఇంకొకటి, అంతటితో చేయి బిగబట్టండి. మార్గశిర గురువారాలు బురుజుపేట కనకమహాలక్ష్మి అమ్మవారికి మొక్కులు చెల్లించుకునే లోపు సంక్రాంతి ఏర్పాట్లు మొదలుపెట్టవచ్చు.

నా లెక్కలో మొదటి ఖర్చు నేతిలో వేయించిన అరిసెలు, అదీ ఇంట్లో చేయించుకున్నవి. మిఠాయిలు పంపే మనిషి ఇంట్లో చేయించుకోమంటోందేమిటని అనుకోకండి. బజారులో ‘నేతి అరిసెలు’ అని రాసి ఉన్నచోట ఒక ప్రశ్న అడిగి చూడండి: నేతిలోనే వేయించారా, నూనెలో వేయించి పైన నెయ్యి రాశారా? చాలాచోట్ల రెండోదే. అరిసె వేగాలంటే బాండీలో మునిగేటంత నెయ్యి ఉండాలి. కిలో బియ్యం అరిసెలకు లీటరు నెయ్యి పోస్తే, చెక్కల మధ్య నొక్కిన తరువాత అరిసెలలో నిలిచేది సుమారు పావు వంతు. మిగతాది బెల్లం వాసన పట్టి, రంగు మారి ఉంటుంది. దుకాణానికి ఆ నెయ్యి తలనొప్పి, దాంతో ఇంకో మిఠాయి చేయలేరు. ఇంట్లో అయితే బూరెలకో, పెసరట్టుకో, వేడి అన్నంలో కందిపొడికో చెల్లిపోతుంది. కనుక వ్యాపారంలో గిట్టని ఈ భోగం ఇంట్లో మాత్రం గిడుతుంది.

చేయడం రాదని వెనకాడకండి. సంక్రాంతి ముందు ఇళ్లకు వచ్చి పిండివంటలు చేసిపెట్టే అమ్మలు ప్రతి పేటలోనూ ఉంటారు. మీ అపార్ట్‌మెంట్ వాచ్‌మన్ భార్యను అడిగినా, పక్క వీధి కిరాణా కొట్టులో అడిగినా ఎవరో ఒకరి పేరు చెబుతారు. డిసెంబరు మొదటివారంలోనే మాట తీసుకోండి. ఆ తరువాత వాళ్లు దొరకరు. కూలి బేరం ఆడకండి. అడిగినదానికి ఇంకాస్త కలిపి, చేసిన అరిసెలలో ఒక డబ్బా వాళ్ల పిల్లలకు కట్టివ్వండి. మీరు డబ్బు పెడుతున్నది పాకం చూసే చేతికి. నీళ్లలో వేసిన పాకం చుక్క వేళ్లకు మెత్తగా ఉండ కట్టే క్షణం ఒకటి ఉంటుంది. అది దాటితే అరిసె రాయి, అందకపోతే బాండీలో విడిపోయి చెదిరిపోతుంది. ఆ క్షణం ఏ పుస్తకం చూసినా తెలియదు.

మీరు చూసుకోవలసింది మర పని. బియ్యం ఒక పగలూ రాత్రీ నాననివ్వాలి, నడుమ నీళ్లు మార్చాలి, వడకట్టి తడిగానే మరపట్టించాలి. భోగికి రెండు రోజుల ముందు పిండిమర దగ్గర బారులు తీరతారు. గంటసేపు నిలబడితే బియ్యం తడి ఆరిపోతుంది, తడి ఆరిన పిండికి అరిసె మెత్తదనం రాదు. మర తెరిచేసరికే వెళ్లండి, లేదా నాలుగు రోజుల ముందే ఆ పని కానివ్వండి. అరిసె నిలవకు భయపడే సరుకు కాదు. మీకంటే ముందు మరలో ఎవరి కారమైనా పట్టారేమో అడగడం మరవకండి. కిలో బియ్యానికి ముప్పావు కిలో బెల్లం సరిపోతుంది. బెల్లం తెల్లగా, పసుపుగా నిగనిగలాడుతుంటే వద్దు, ఆ రంగు కోసం హైడ్రోస్ అనే రసాయనం కలుపుతారు. ముదురు తేనె రంగులో, గోటితో గీస్తే కొంచెం జిగురుగా తగిలేది తీసుకోండి. పూర్ణా మార్కెట్‌లో బెల్లం దిమ్మల వరసలో అడిగితే ముక్క విరిచి చేతిలో పెడతారు. నాలుక మీద ఉప్పగా తగిలితే పక్క దుకాణానికి వెళ్లండి. మంచి బెల్లానికీ నాసి బెల్లానికీ తేడా కిలోకు కొద్ది రూపాయలే.

నెయ్యి దగ్గర మాత్రం చాలామంది అనవసరంగా జేబు ఖాళీ చేసుకుంటున్నారు. ‘ఏ2’ అని రాసిన సీసా మామూలు నెయ్యికి రెండు మూడింతల ధర పలుకుతోంది. ఏ1, ఏ2 అనేవి పాలలో ఉండే బీటా కేసిన్ అనే ప్రోటీన్‌లో రెండు రకాలు. వెన్న కాచినప్పుడు ప్రోటీన్ అడుగు మడ్డిలోకి పోతుంది, పైకి తేలి మనం వడకట్టుకునేది కొవ్వు. కాబట్టి ఆ సీసాలో మీరు దేనికి రెండింతలు చెల్లిస్తున్నారో అది దాదాపు లేనట్టే. దేశ ఆహార భద్రతా ప్రమాణాల సంస్థ 2024 ఆగస్టులో ఈ మాటలు ప్యాకెట్ల మీద తీసేయమంది, కొద్ది రోజులకే ఆ ఆదేశాన్ని వెనక్కి తీసుకుంది. ఆ ఆదేశం ఉన్నా పోయినా నెయ్యి నెయ్యే.

దానికి బదులు నమ్మకమైన పాలవాళ్ల దగ్గర మూడు కిలోల వెన్న చెప్పి ఇంట్లో కాచుకోండి. వాసనలో తేడా మీకే తెలుస్తుంది. కాచేటప్పుడు చివర్లో రెండు తమలపాకులో, మునగాకు రెబ్బో వేయడం మా ఇంటి అలవాటు. అందులో సగం అరిసెలకు, మిగతాది సున్నుండలకు, పూతరేకులకు. సున్నుండలకు గేదె వెన్న నెయ్యి బాగుంటుంది, చలికి గట్టిపడి ఉండ నిలబడుతుంది. పూతరేకులకు నాకైతే ఆవు నెయ్యే.

పూతరేకుల మాట వచ్చింది కనుక చెబుతాను. ఆత్రేయపురం పూతరేకులకు 2023లో భౌగోళిక గుర్తింపు (జీఐ ట్యాగ్) వచ్చింది. అప్పటి నుంచి పెట్టెల మీద ఆ ఊరి పేరు మరీ ఎక్కువైంది. బోర్లించిన కుండ కింద మంట, జారుగా కలిపిన బియ్యప్పిండిలో ముంచిన గుడ్డ కుండ వీపు మీద ఒక్కసారి లాగితే పొర, అదీ రేకు. ఆ నైపుణ్యం మన ఇళ్లలో రాదు. కానీ చుట్టడం వస్తుంది. కోనసీమ నుంచి సరుకు తెప్పించే మిఠాయి దుకాణాలను అడిగితే ఉత్త రేకులు విడిగా తెప్పిస్తారు. బరువు దాదాపు ఉండదు, ధర తక్కువ, పొడిగా ఉంచితే రోజుల తరబడి నిలుస్తాయి. భోగి నాడు మధ్యాహ్నం అందరూ చాప మీద కూర్చుని, తడిపి గట్టిగా పిండిన గుడ్డతో రేకును అద్ది, మీరు కాచిన నెయ్యి పూసి, బెల్లం తురుమో పంచదార పొడో చల్లి, సన్నగా తరిగిన జీడిపప్పు వేసి మడవండి. పాపకు ఆ పని అప్పగిస్తే సగం రేకులు విరుగుతాయి, విరిగినవి ఇంకా రుచి. దుకాణంలో కొన్న పూతరేకులో నెయ్యి ఎంత ఉందో ఊహించుకోవాలి. ఇక్కడ మీ వేళ్ల మీదే కనిపిస్తుంది.

కొనే మిఠాయిల్లో నా ఓటు మాడుగుల హల్వాకు. చోడవరం మీదుగా వెళ్తే కారులో రెండు గంటల ప్రయాణం, ఒక ఆదివారం పెట్టుకోండి. గోధుమలు రోజుల తరబడి నానబెట్టి, రుబ్బి, పాలు తీసి, ఆ పాలను పులియనిచ్చి, పంచదార, నెయ్యితో గంటల పాటు కలియబెట్టి తీస్తారు. వందేళ్లు దాటిన పద్ధతి. కొత్త దంపతులకు పంపే ఆచారం ఉంది కనుక నా సారె జాబితాలో ఇది తప్పదు. బయట వారం పది రోజులు ఏమీ కాదు. ఫ్రిజ్‌లో పెట్టకండి, నెయ్యి గడ్డకట్టి రుచి మూసుకుపోతుంది. జీడిపప్పు, బాదం దండిగా వేసిన మేలు రకమే అరకిలో తీసుకోండి, మామూలు రకం కిలో కంటే అదే నయం. విశాఖలోనూ దొరుకుతుంది కాని, అక్కడ వేడిగా ఉన్నప్పుడు నోట్లో వేసుకున్న ముక్క వేరు.

కాకినాడ గొట్టం కాజా, తాపేశ్వరం మడత కాజా రెండూ ఇష్టమే. గొట్టం కాజా కొరికితే లోపల పాకం నోట్లోకి రావాలి, అందుకే అది ఆ ఊళ్లో, ఆ పూట తినే వస్తువు. పెట్టెలో విశాఖ దాకా వచ్చి దుకాణంలో కూర్చున్నదానికి ఎక్కువ ధర పెట్టడం అనవసరం. మడత కాజా ప్రయాణం తట్టుకుంటుంది. బందరు లడ్డూ కూడా అంతే, 2017లో దానికీ భౌగోళిక గుర్తింపు వచ్చింది. పూసను దంచి, జల్లించి, పాకంలో కలిపే ఆ శ్రమకు బజారు ధర తక్కువే అనిపిస్తుంది నాకు.

జీడిపప్పులో మీకు డబ్బు ఆదా అయ్యే కిటుకు ఉంది. మన పలాస పప్పునే తీసుకుందాం. వ్యాపారులు 180, 210, 240, 320 అని అంకెలతో పిలుస్తారు. ఒక పౌను బరువుకు, అంటే 454 గ్రాములకు, ఎన్ని గుండ్లు తూగుతాయో ఆ అంకె. 180 రకం అంటే ఒక్కో గుండు బొటనవేలి కణుపంత. అంకె తగ్గేకొద్దీ ధర ఎక్కుతుంది. రుచి మాత్రం అంతగా మారదు, మారేది కొరికినప్పటి నిండుదనం. కాబట్టి నేతిలో దోరగా వేయించి, మిరియాల పొడి, ఉప్పు చల్లి సాయంత్రం తినడానికి 180 గుండు అరకిలో కొనండి. అది భోగమే, కాదనను. పాయసానికి, కత్లీకి, పూతరేకుకు బద్దలు, ముక్కలు చాలు. గుండు పప్పు కొని రోట్లో నూరడం చూస్తే నాకు ప్రాణం చివుక్కుమంటుంది.

దుకాణంలో కాజూకత్లీ కొంటున్నారా? ఒక చిన్న లెక్క. కిలో పప్పుకు ఆరేడు వందల గ్రాముల పంచదార పడుతుంది. అంటే కిలో కత్లీలో పప్పు సుమారు 600 గ్రాములు ఉండాలి. ఆ రోజు ముక్క పప్పు ధరతో 600 గ్రాములకు లెక్క కట్టండి. కత్లీ ధర ఆ అంకెకు దగ్గర్లోనే ఉంటే కూలి, గ్యాసు, అద్దె ఎక్కడి నుంచి వచ్చాయో ఆలోచించండి. లోపల వేరుశనగో, ఇంకేదో ఉంటుంది. పైన వెండి రేకు ఉంటే వేలితో రుద్దండి. నిజమైన వెండి వేలి మీదే కలిసి మాయమవుతుంది, అల్యూమినియం ఉండ చుట్టుకుంటుంది. తూకం వేసేటప్పుడు అట్టపెట్టెను కాటా మీద మిఠాయితో కలిపి తూచనివ్వకండి, అది చట్టరీత్యా తప్పు. విడిగా అమ్మే మిఠాయికి ఎప్పటి లోపు తినాలో తేదీ రాసి పెట్టాలన్న నిబంధన 2020 అక్టోబరు నుంచి ఉంది. ట్రే ముందు ఆ చీటీ లేకపోతే అడగండి, పండుగ రద్దీలో అడిగేవాళ్లు లేకనే అది మాయమవుతోంది.

కుంకుమపువ్వు ఒక్క గ్రాము చాలు, ఏడాదికి. గ్రాముకు దాదాపు 150 పువ్వులు కావాలి, ప్రతి పువ్వు నుంచి ఎర్రటి పోగులు చేత్తో తుంచాలి, అందుకే ఆ ధర. కాశ్మీరు కుంకుమపువ్వుకు 2020 నుంచి భౌగోళిక గుర్తింపు ఉంది. గోరువెచ్చని నీళ్లలో రెండు పోగులు వేస్తే రంగు నెమ్మదిగా, బంగారు పసుపుగా దిగాలి, పోగు ఎర్రగానే మిగలాలి. వేసీ వేయగానే నీళ్లు ఎర్రబడి పోగు తెల్లబోతే అది రంగు వేసిన పీచు. సంక్రాంతి నాటి పరమాన్నంలో ఆరు పోగులు వేయండి, అంతకు మించితే చేదు.

మీరు కాఫీ తాగే ఇల్లే అయితే ఈ డబ్బులో కొంత కాఫీకి కేటాయించమని గట్టిగా చెబుతాను. ప్రపంచంలో పేరున్న గింజ మన ఇంటి పెరట్లో పండుతుంటే పొడి ప్యాకెట్టు కొనడం ఏమిటి? అరకు లోయ అరబికాకు 2019లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. అంతకు ముందే, 2017లో, పారిస్‌లో అరకు పేరుతో కాఫీ దుకాణం తెరిచారు. తూర్పు కనుమల్లో గిరిజన రైతులు చెట్ల నీడన పెంచి, పండిన పండును ఏరి కోస్తారు. కోత నవంబరులో మొదలై సంక్రాంతి దాటి సాగుతుంది. ఆ పండు ఎండి, పొట్టు వదిలి, గింజగా బయటికి రావడానికి ఇంకా కాలం పడుతుంది కనుక డిసెంబరులో ఎవరైనా ‘ఈ ఏటి కొత్త పంట’ అంటే నమ్మకండి. పచ్చి గింజ నిలవ ఉన్నా పర్వాలేదు, చూడవలసింది వేయించిన తేదీ. నెల లోపుది తీసుకోండి. గింజలుగానే కొని, చేత్తో తిప్పే చిన్న మర ఒకటి కొనుక్కోండి, రెండు మూడు వేలలో వస్తుంది, ఏళ్ల తరబడి ఉంటుంది. మీ ఇంట్లో పాలు కలిపిన డికాషన్ తాగుతారు కాబట్టి లేత వేపు రకం వద్దు, పాలు పోస్తే పుల్లగా తేలిపోతుంది. మధ్యస్థం కంటే కొంచెం ముదురు వేపు అడగండి. విశాఖే ప్రధాన కార్యాలయంగా 1956 నుంచి నడుస్తున్న గిరిజన సహకార సంస్థ దుకాణాల్లో అరకు కాఫీతో పాటు అడవి తేనె కూడా దొరుకుతుంది. అదీ ఒక సీసా వేసుకోండి.

చాక్లెట్ పాపకు కదా. దీపావళి ముందు విమానం దిగివచ్చిన విదేశీ పెట్టెల జోలికి పోకండి, ఎన్ని గోదాముల్లో ఎండలు చూసి వచ్చాయో తెలియదు. ఏలూరు, పశ్చిమ గోదావరి వైపు కొబ్బరి, ఆయిల్ పామ్ తోటల్లో అంతర పంటగా కోకో పండుతుంది. దేశంలో కోకోకు మన రాష్ట్రమే పెద్ద దిక్కు. ఆ గింజతో హైదరాబాదులో ‘మనం’ లాంటి సంస్థలు మేలైన చాక్లెట్ చేస్తున్నాయి. ఏది కొన్నా వెనక పదార్థాల పట్టీ చదవండి. కోకో బటర్ అని ఉంటే నోటి వేడికే కరుగుతుంది. వెజిటబుల్ ఫ్యాట్, హైడ్రోజనేటెడ్ అనే మాటలుంటే అంగిలికి అంటుకుంటుంది, ఆ ధరకు అది తగదు. పైన తెల్లటి పొర కనబడితే బూజు అనుకుని పారేయకండి, వేడికి కొవ్వు పైకి తేలితే అలా అవుతుంది.

కనుమ. ఇక్కడ మీ నాన్నగారికి కూడా భాగం ఉంది. మినప గారెలు, నాటుకోడి ఎలాగూ ఉంటాయి, వాటికి నేను చెప్పేదేమీ లేదు. డబ్బు పెట్టదగింది రొయ్యకు. తెల్లవారకముందే ఫిషింగ్ హార్బరుకు వెళ్లండి, కనుమ నాడు కాదు, ముందు రోజు. కనుమ నాడు ధర మీ చేతిలో ఉండదు. రొయ్యలను ‘కౌంటు’తో అడగాలి. కిలోకు ఎన్ని తూగుతాయో అదే కౌంటు. మామూలు వారాల్లో మీరు కొనేది బహుశా 60, 70 కౌంటు. ఈసారి 20 కౌంటు టైగర్ రొయ్య తీసుకోండి. తల మొండేనికి బిగుతుగా అంటి ఉండాలి, తల దగ్గర నల్లబడి ఉండకూడదు. పెద్ద రొయ్యను ఇగురులో వేసి చింతపండుతో ముంచేయకండి. పసుపు, ఉప్పు, కారం పట్టించి పెనం మీద నేతిలో అటూ ఇటూ తిప్పితే చాలు. మండపీతలంటే ఇష్టమైతే చేతిలోకి తీసుకుని బరువు చూడండి, పరిమాణానికి మించి బరువుగా తోచేదే లోపల కండ ఉన్నది.

ఎవరైనా ఆ సమయంలో పులస అంటే నవ్వి ముందుకు నడవండి. పుస్తెలమ్మైనా పులస తినాలన్న సామెత నిజమే కాని, అది గోదావరికి వరద నీళ్లు వచ్చే వానాకాలపు మాట. సముద్రం నుంచి ఎర్ర నీటికి ఎదురీది వచ్చిన చేపకే ఆ రుచి, ఆ పేరు. జనవరిలో ఆ ధరకు మీకు అంటగట్టేది సముద్రపు చేపే.

తిండి కానిది ఒక్కటి చెబుతాను. సంక్రాంతికి మీరు బొమ్మల కొలువు పెట్టే ఆనవాయితీ ఉందో లేదో రాయలేదు. లేకపోయినా ఈ ఏడు మొదలుపెట్టవచ్చు. వరాహ నది ఒడ్డున ఉన్న ఏటికొప్పాక మనకు దగ్గరే. అంకుడు కర్రను తరిణి మీద తిప్పుతూ, చెట్ల నుంచి తీసిన రంగులు కలిపిన లక్కను ఆ రాపిడి వేడికే అద్దుతారు. 2017లో భౌగోళిక గుర్తింపు, 2025 గణతంత్ర దినోత్సవ కవాతులో మన రాష్ట్ర శకటం ఈ బొమ్మలదే. మూల ఎక్కడా కోసుగా ఉండదు, పిల్ల నోట్లో పెట్టుకున్నా భయం లేని రంగులు. ప్లాస్టిక్ తళుకుల కంటే ధర ఎక్కువే. ఊరికే వెళ్లి, పనిచేసే చోటే, పాప చేత ఏరించండి. బొమ్మల బండి, పెళ్లి మేళం ఇలా ఒక్క జట్టు చాలు. ఏటేటా ఒకటి చేర్చుకోండి.

డబ్బు లెక్క ఉరామరిగా ఇలా వస్తుంది. వెన్న, బెల్లం, బియ్యం, జీడిపప్పు, పిండివంటల అమ్మకు కూలి అన్నీ కలిపి 7,000 దాకా. హల్వా, మడత కాజా, దసరా దీపావళి మిఠాయిలు 3,000. కాఫీ, మర, తేనె 4,000. కనుమ రొయ్యలకు 2,500. బొమ్మలకు 2,500. మిగిలిన 1,000లో కుంకుమపువ్వు, చాక్లెట్, పూతరేకుల రేకులు సర్దండి. ధరలు వారం వారం మారతాయి, ఒకదానిలో తగ్గింది ఇంకోదానికి మళ్లించుకోండి.

నాన్నగారి షుగర్ సంగతి. ‘షుగర్ లేని మిఠాయి’ అని ఈ రోజుల్లో ప్రత్యేకంగా అమ్ముతున్నారు, మామూలు దానికంటే ఎక్కువ ధరకు. అందులో పంచదార లేకపోవచ్చు కాని పిండి, నెయ్యి, కోవా అన్నీ ఉంటాయి. తీపి కోసం వాడే కొన్ని పదార్థాలు ఎక్కువైతే కడుపు చెడుతుంది. పైగా తీపి లేదన్న ధైర్యంతో నాలుగు తింటారు. ఆయనకు ఏది, ఎంత అన్నది మీ డాక్టరు చెప్పాలి. నేనైతే మా ఇంట్లో పెద్దవాళ్లకు అసలైన పూతరేకు సగం విరిచి, భోజనం చివర చేతిలో పెడతాను. మిగతా రోజులకు మిరియాల జీడిపప్పు నాలుగు గుండ్లు, పంచదార లేని అరకు కాఫీ, కనుమకు రొయ్యలు.